చీమకుర్తి మీదుగా లంకకు

జక్రయ్య తాత ఎక్కడికీ తిన్నగా వెళ్ళడు. చిలకలూరిపేటలో ఆయన ఇంటికీ చర్చికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. అడ్డంగా దాటితే నలభై అడుగులు. ఆయన మాత్రం తొమ్మిదింటి ఆరాధనకి ఎనిమిదింటికే స్కూటర్ తీసి, జిన్నింగు మిల్లు చుట్టి, హైవే ఎక్కి దిగి, రెండో పాట అయిపోయేవేళకి చర్చి గుమ్మంలో దిగుతాడు. "మంచం దిగి స్నానాల గదికి వెళ్ళాలన్నా చీరాల మీదుగా వెళ్ళే మనిషి" అంటుంది ఆయన భార్య జయకుమారి. తన పెళ్ళికి కూడా పక్క ఊరి మీదుగా వచ్చి గంటన్నర ఆలస్యం చేశాడట. పాస్టరుగారు మూడుసార్లు ప్రార్థన చేసి, నాలుగోసారికి దేవుణ్ణి ఏం అడగాలో తోచక కూర్చున్నారట.

దీనికి ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ముప్పైమూడేళ్ళు బస్సు కండక్టరుగా చేశానమ్మా. బస్సు పోయే దారినే పోయాను. రిటైరయ్యాక కూడా తిన్నగా పోవాలంటే ఇంక రిటైరవడం దేనికి?"

"మరి పెళ్ళినాటికి రిటైరయ్యారా?" అంటుంది జయకుమారి.

"అప్పుడు ప్రాక్టీసు" అంటాడాయన.

ఇలాంటి మనిషి చేతిలో పడింది లిడియా, నాలుగంటే నాలుగు రోజుల సెలవుతో. ఆమె పుట్టింది పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. తాతయ్య మార్కు, జక్రయ్యకి స్వయానా అన్న. యాభై ఏళ్ళ కిందట కృష్ణానది మధ్యనున్న నేరేళ్ళలంక నించి వడ్రంగిపనికని అండమాన్ వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు మోకాలు అరిగిపోయి గుమ్మం దిగడమే గగనమైంది. "నా బదులు నువ్వెళ్ళి రా తల్లీ. మన లంకవాళ్ళ మధ్య కూర్చుని ఒక్క పూట భోంచెయ్యి. తింటూ నాకు వీడియో ఫోన్ చెయ్యి. నేను కళ్ళారా చూడాలి" అన్నాడు. తాతయ్య ఆమెను జీవితంలో అడిగిన కోరిక ఇదొక్కటే. తప్పకుండా తీర్చి రావాలనుకుంది లిడియా.

సోమవారం పొద్దున చీరాల స్టేషన్లో రైలు దిగేసరికి జక్రయ్య తాత స్కూటర్‌తో సిద్ధంగా ఉన్నాడు.

"లంక ఎంత దూరం చిన్నతాతయ్యా?"

"ఎంతలే, దగ్గరే. ముందు నాలుగు మెతుకులు తిందాం. ఎక్కు. రైట్ రైట్!"

రైట్ రైట్ అనకుండా ఆయన బండి కదిలించడు. ఆగేటప్పుడు "హోల్డాన్" అంటాడు. వెనక కూర్చున్న మనిషిని "ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు" అని హెచ్చరిస్తాడు. లిడియా ఫోన్‌లో దారి పెట్టుకుంటే, వెనక్కి తిరగమని ఆ ఫోన్‌లోని ఆడగొంతు పదే పదే బతిమాలింది. "ఎవరమ్మా ఆవిడ? టిక్కెట్టు తీసుకుందా?" అని అడిగాడు తాత.

నేతపేటలో ఒక సందులో హోల్డాన్ అన్నాడు. అది వెంకటరావమ్మ మెస్సు. పక్కిళ్ళలో మగ్గాలు టకటకలాడుతుంటే అరిటాకు వేసి, అన్నంలో చేపల పులుసు పోసింది. పోర్ట్ బ్లెయిర్ పిల్లకి చేపలు కొత్త కాదు. పులుసులో చేపముక్కలతోపాటు కందముక్కలు తేలడం కొత్త. వెంకటరావమ్మ ఎదురుగా కూర్చుని పరీక్ష పేపరు దిద్దే టీచరులా చూసింది.

"నాలుక దురద పెట్టిందా అమ్మాయ్?"

"లేదండీ."

"పెట్టదు. నేను వండితే పెట్టదు. మీ తాతయ్యకి మోకాలు ఎట్లా ఉంది?"

చిన్నతాతయ్య తమ ఇంటి సంగతులన్నీ చీరాల దాకా చాటేశాడని లిడియా కాస్త సిగ్గుపడింది. "అలాగే ఉందండి" అంది. వెంకటరావమ్మ ఇంకో గరిటె కంద వేసింది. చిలకలూరిపేట చేరేసరికి పొద్దు వాలింది, లంక రేపటికి వాయిదా పడింది.

ఆ సాయంత్రం మార్కు ఫోన్ చేశాడు. "కుదిరిందా తల్లీ?"

"రేపు తాతయ్యా."

మంగళవారం బయల్దేరిన స్కూటర్ ఊళ్ళోనే మూడు చుట్లు తిరిగి, జిన్నింగు మిల్లు ఎదుట సుభానీ బజ్జీల బండి దగ్గర ఆగింది. దూదిపింజలు గాలికి ఎగిరొచ్చి శనగపిండిలో పడుతున్నాయి. ఊరంతా మిరపకాయ బజ్జీలు తింటుంటే సుభానీ ఆమెకి కంద బజ్జీలు వేశాడు. తినేదాకా ఆగి, "దురదేమన్నా పెట్టిందా పాపా?" అన్నాడు. లేదంది. "మీ తాతయ్య మోకాలు తగ్గిందా?" అన్నాడు. లిడియా చిన్నతాతయ్య వంక చూస్తే, ఆయన ఆకాశం వంక చూస్తున్నాడు. అక్కణ్ణించి కదిలాక టైరు పంచరైంది. పంచరు వేయించే చోటికి కూడా ఆయన దగ్గరి దారిన పోలేదు.

"కుదిరిందా తల్లీ?"

"రేపు తప్పకుండా తాతయ్యా."

బుధవారం బండి హైవే ఎక్కి దక్షిణానికి తిరిగింది. ఫోన్‌లోని ఆడమనిషి లబోదిబోమంది. నది ఈశాన్యాన ఉంటే స్కూటర్ నైరుతికి పోతోంది. గ్రానైటు బండలు మోసుకుపోయే లారీలు లేపిన దుమ్ములో మొహం తెల్లగా అయిపోయి, లిడియా చీమకుర్తిలో దిగింది. అక్కడ బుల్లయ్య మెస్సు. క్వారీల్లో పనికి ఎక్కడెక్కడినించో వచ్చిన కూలీలకి రొట్టెలు కాల్చి పెడతాడు. రొట్టె తెచ్చి ముందు పెట్టాడు, పక్కన కంద వేపుడు. ఆమె రెండు ముద్దలు నమిలి, ఆయన నోరు తెరవకముందే చెప్పేసింది.

"దురద పెట్టలేదండి. తాతయ్యకి మోకాలు అలాగే ఉంది."

బుల్లయ్య అట్లకాడ పట్టుకుని నిలబడిపోయాడు. "నేనింకా అడగందే!" అన్నాడు.

లిడియాకి నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. "చిన్నతాతయ్యా, మీరు నన్ను తిప్పుతున్నారు గానీ తీసుకెళ్ళడం లేదు. రేపు సాయంత్రం నా బండి. తాతయ్యకి ఏం చెప్పమంటారు? మూడు రోజులు కంద తిన్నానని చెప్పనా?"

కండక్టరు బ్యాగు తగిలించి తగిలించి కాస్త వాలిపోయిన జక్రయ్య తాత ఎడమ భుజం ఇంకాస్త వాలింది. "రేపు పోదాంలే అమ్మా" అన్నాడు. ఇంటికొచ్చాక లిడియా జయకుమారిని నిలదీస్తే, "నన్నడగొద్దు తల్లీ. ఆయన్నే చెప్పనీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం తెల్లవారగానే బయల్దేరారు. ఆ రోజు జక్రయ్య తాత తిన్నగా వెళ్ళాడు. గుంటూరులో టీకి ఆగలేదు. తెనాలిలో ఒక్క సందులోకీ తిరగలేదు. రైట్ రైట్ కూడా అనలేదు. ఫోన్‌లోని ఆడమనిషి చెప్పినట్టల్లా తిరిగాడు. లిడియాకి అప్పుడు భయం వేసింది.

"చిన్నతాతయ్యా, ఎక్కడన్నా ఆగి ఏమన్నా తిందామా?"

"వద్దమ్మా."

కరకట్ట మీద బండి ఆపి, ఎదురుగా నదిలోకి చెయ్యి చూపించాడు.

"అదే నేరేళ్ళలంక."

"ఎక్కడ?"

"ఆ నీళ్ళున్న చోట."

లిడియాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కట్ట మీదే కూర్చుంది. జక్రయ్య తాత పక్కన కూలబడి, మొదటిసారి ఏ మలుపూ లేకుండా మాట్లాడాడు.

"ప్రతి వరదకీ ఇంత ఒడ్డు కోసుకుపోయేదమ్మా. పదిహేనేళ్ళ కిందటి వరద మొత్తం పట్టుకుపోయింది. చర్చీ, మసీదూ, రామాలయం, ఏదీ మిగల్లేదు. అందర్నీ పడవల్లో ఈ కట్ట మీదికి చేర్చారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా. బస్సెక్కించుకున్నా. చుట్టాలున్నవాళ్ళని చుట్టాల దగ్గర దింపా. ఎవరూ లేనివాళ్ళని నాకు మొహమెరిగిన మనుషులున్న స్టాపుల్లో దింపా. వెంకటరావమ్మ చీరాల్లో దిగింది. సుభానీ పేటలో. బుల్లయ్య ఒంగోల్లో దిగి చీమకుర్తి పోయాడు."

"అంటే వాళ్ళంతా మన లంకవాళ్ళా?" అంది లిడియా.

"దింపేసి వచ్చేస్తే ఎట్లా? ఉన్నారో, తిన్నారో చూడొద్దూ? అందుకే ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి గుమ్మం ముందునించి పోతుంటా. చర్చికి పోతూ సుభానీ పొయ్యి వెలిగించాడా లేదా చూస్తా. వాళ్ళ కోసమే వచ్చానంటే మొహమాటపడతారు. దారిలో పడ్డారంటే ఏమీ అనుకోరు."

"మరి కంద?"

"మన లంక పంటేగా! ఇల్లొదిలి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా తలా ఒక కందముక్క మూటకట్టుకున్నారు. ఏడ్చినట్టే ఉంది, మిరపచేల మధ్య కంద పండిస్తారేమిటి అని ఆ ఊళ్ళవాళ్ళు నవ్వారు. పెరట్లో పాతారు. ముక్క ఎక్కడ పాతితే అక్కడ మొలుస్తుంది అది."

లిడియా నీళ్ళ వంక చూసింది. "తాతయ్యకి తెలుసా?"

"అన్నయ్యకి చెప్పలేకపోయా. ఫోన్ చేసినప్పుడల్లా పంట బాగుంది, రేవులో నీళ్ళు బాగున్నాయి అంటూ వచ్చా. ఒక ఏడు మరీ ఎక్కువ పంట చెప్పేశాను. కాస్త పంపరా అన్నాడు. నాలుగూళ్ళు తిరిగి పోగేసి పార్సిలు చేశా." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇవాళ నువ్వే చెప్పు తల్లీ. నా వల్ల కాదు."

అంతలో కట్ట కింద ఇంజను పడవ డబడబమంది. అందులో వెంకటరావమ్మ, సుభానీ, క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని బుల్లయ్య, ఇంకా పాతికమంది. "ఎంతసేపు కట్ట మీద కూర్చుంటావ్ జక్రయ్యా? పులుసు చల్లారిపోతోంది" అని వెంకటరావమ్మ కేక పెట్టింది. రెండేళ్ళ కిందట లంక ఉన్నచోటే కట్ట మీదికి కనబడనంత చిన్న ఇసుకమేట ఒకటి కొత్తగా తేలిందట. అక్కడ భోజనాలు. బుల్లయ్య మెస్సుకి గురువారమే సెలవు కాబట్టి గురువారం.

"ఇదంతా సోమవారమే చెప్పొచ్చుగా!" అంది లిడియా.

"ముందు ఒక్కొక్కళ్ళ చేతి వంట తిని రావద్దూ? మొహమెరగని వాళ్ళ మధ్య కూర్చుని తింటే అదేం భోజనం?"

ఇసుక మీద అరిటాకులు పడ్డాయి. చేపల పులుసు, కంద బజ్జీ, రొట్టెలు, గోంగూర అన్నీ ఒకే ఆకులోకి వచ్చాయి. లిడియా ఫోన్ కలిపింది. జక్రయ్య తాత పడవ చాటుకి పోయి, అక్కర్లేని తాడు ముడులు విప్పుతూ నిలబడ్డాడు.

మార్కు మొహం తెరంతా నిండింది. లిడియా ఫోన్‌ని చుట్టూ తిప్పింది. ఇసుక, నీళ్ళు, మనుషులు. మార్కు కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"వెంకటరావమ్మా! జుట్టంతా నెరిసిందే! సుభానీ, ఒరేయ్ సుభానీ! ఆ పొట్టేమిట్రా? బుల్లయ్యా! జక్రయ్యేడి? వాడి చేతికివ్వు ఫోన్."

జక్రయ్య తాత పడవ చుట్టూ పూర్తిగా ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. "అన్నయ్యా, లంక సంగతి..."

"లంక పోయిందని నాకు ఆ ఏడే తెలుసురా. వెంకటరావమ్మ ఉత్తరం రాయించింది."

వెంకటరావమ్మ తలెత్తకుండా వడ్డిస్తూనే ఉంది.

"మరి నాతో ఒక్కసారన్నా అనలేదేం?"

"నువ్వు పంట కబుర్లు చెబుతుంటే బాగుండేదిరా. ప్రతి ఏడూ లంక నీ నోట పండేది. నేనెందుకు ఆపాలి? పిల్లని నేను చూడమన్నది మట్టిని కాదు, మనుషుల్ని. చూసింది. చాలు నాకు."

"పదిహేనేళ్ళు! తిన్నగా ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"నువ్వడుగుతున్నావా ఆ మాట!" అన్నాడు మార్కు. ముందు సుభానీ నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి కళ్ళు తుడుచుకుంటూ జక్రయ్య తాత కూడా నవ్వాడు. మార్కు నవ్వి నవ్వి దగ్గాడు. ఆనక లిడియాని పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. కంద దురద పెట్టిందా?"

బయల్దేరేటప్పుడు వెంకటరావమ్మ ఆమె బ్యాగులో మొలకొచ్చిన కందముక్క ఒకటి తడిగుడ్డలో చుట్టి పెట్టింది. అండమాన్‌లో తాతయ్య పెరట్లో పాతమంది.

కరకట్ట ఎక్కాక జక్రయ్య తాత గడియారం చూసుకున్నాడు. "రైలు ఆరున్నరకి. ఇప్పుడు రెండు. తిన్నగా పోతే నాలుగింటికల్లా స్టేషన్లో ఉంటాం. నీకు ఆలస్యం కానివ్వనులే తల్లీ. తిన్నగానే పోతా."

లిడియా ఫోన్ తీసి, అందులోని ఆడమనిషి నోరు నొక్కేసి, బ్యాగులో పడేసింది. వెనక ఎక్కి కూర్చుంది.

"నాలుగింటికే పోయి స్టేషన్లో ఏం చేస్తాం చిన్నతాతయ్యా? మన లంకవాళ్ళు ఇంకా ఏయే ఊళ్ళలో దిగారు?"

జక్రయ్య తాత వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. వాలిన భుజం లేచింది.

"ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు" అన్నాడు. "రైట్ రైట్!"