బట్టీ పట్టిన చార్టు

మొన్న శ్రావణం మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింపావుకు, పాల్వంచ రోడ్డు మీద నాతోని, మా చెల్లెతోని నిలబడ్డ మా మేనల్లుడు భద్రాచలం బస్సనుకొని మణుగూరు బస్సును ఆపిండు. మిలిటరీల హెలికాప్టర్ నడుపుతడు. దూరంగ ఏది చూసినా ఎడమ కన్ను చికిలిస్తడు.

నేను అరవై దాటినంక అక్షరాలు దిద్దినోన్ని. బోర్డు కూడబలుక్కొని చదివి చెప్పిన.

"మరి కంటి పరీక్ష ఎట్ల పాసైతున్నవ్ అల్లుడా?"

"చార్టు బట్టీ పట్టిన మామా. నిజం చెప్తే నడపనియ్యరు."

"నేను చూసి చదువుడు నేర్చేసరికి ముసలోన్నైన. నువ్వు చూడకుండనే చదువుతున్నవ్. నీ ఎనక కూసున్నోళ్లకు ఎరికేనా?"

"ఎక్కుతరా, ముచ్చట పెడ్తరా?" అన్నడు కండక్టరు.

అల్లుడు జేబుల దాచిన అద్దాలు తీసి పెట్టుకున్నడు. బోర్డు చదివిండు. అక్కడ్నే వాళ్ల మిలిటరీ డాక్టరుకు ఫోన్ చేసి, "సార్, నాకు దూరం కనిపిస్తలేదు" అన్నడు.

ఆ మాట విన్నది నేను, వాని తల్లి అయిన మా చెల్లె, ఆ కండక్టరు, మణుగూరు పోయేటోళ్లందరు.