పుష్పక్ రెక్కకు రేకు తొడుగు

ఈ ప్రయాణానికి కారణం నా తొందరే. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ఆవరణలో పాత పుష్పక్ విమానాన్ని పెట్టారని పేపర్లో చూసి, తెనాలిలో మా వీధి చివర ఉండే మస్తాన్ బాబాయికి చదివి వినిపించాను. ఆయన ముప్ఫై ఏళ్లు ఒక ఫ్లయింగ్ క్లబ్బు వర్క్‌షాపులో విమానాల రెక్కలకు గుడ్డ కుట్టారు. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు. తోక మీది నంబరు చదవగానే లేచి కూర్చున్నారు. "దానికి గుడ్డేసింది నేనే నాన్నా. కనపడకపోయినా పర్లేదు, ఒక్కసారి తడిమొస్తాను" అన్నారు.

ఉదయం ఏడింటికి ప్యాసింజరెక్కాం, టికెట్ మనిషికి పన్నెండు రూపాయలు. దారంతా ఆయన పుష్పక్ గురించే చెప్పారు. యాభైల చివర్లో, క్లబ్బుల్లో కుర్రాళ్లకు నేర్పడానికి బెంగళూరులో తయారుచేశారట. ఒక అమెరికన్ విమానం పోలికలున్నా, పనితనం మనవాళ్లది. పక్కపక్కనే రెండు సీట్లు, నెత్తి మీద రెక్క, ఇనుప గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ. "ఇంజను చిన్నది కదా, బరువు మొయ్యదు. అందుకే గుడ్డ. మైనం దారంతో ముడి ముడికీ బిగించి, గుడ్డ బిర్రుగా లాక్కునే మందు పూస్తే డప్పులా మోగాలి."

బాపట్ల కాలేజీలో గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "రేపల్లెలో మా స్కూలుకి పంపించేశామండి." ముందురోజు ఫోన్లో "ఉందండి, రండి" అన్న గొంతు అదే! ఒళ్లు మండిపోయింది. బస్టాండులో ఇడ్లీ తిని, చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సులో గంటన్నర నిలబడి రేపల్లె చేరాం. బాబాయికి మాత్రం సీటు దొరికింది.

స్కూలు గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద విమానం, కింద "యుద్ధ విమానం" అని బోర్డు. పాఠాలు నేర్పిన విమానానికి అదీ స్కూల్లో దక్కిన పేరు! దాత పేరుంది, కరస్పాండెంట్ పేరుంది, పుష్పక్ అన్న మాట లేదు. బాబాయి చెయ్యెత్తి రెక్క మీద వేలితో కొట్టారు. ఖంగుమంది. మళ్లీ కొట్టారు. మొత్తం రేకు.

కరస్పాండెంట్ నవ్వుతూ వచ్చాడు. "తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లతో తొడిగించామండి. గుడ్డ విమానమంటే పిల్లలు నవ్వరూ?"

"ఆ గుడ్డతోనే ఎగిరిందండీ!" అని అరిచాను.

"ఇప్పుడు ఎగరక్కర్లేదు కదండీ."

ఈలోగా బాబాయి రెక్క కింద, దానికి ఊతంగా ఉన్న కడ్డీ కలిసేచోట రేకుల మధ్య సందు దొరికించుకుని రెండు వేళ్లు దూర్చారు. ముఖం వెలిగిపోయింది. "ఉంది నాన్నా! నా ముడే ఇది."

"పెద్దాయన్ని చెయ్యి తియ్యమనండి, రంగు పోతుంది."

బాబాయి చప్పున చెయ్యి తీశారు. రేకు అంచు కోసుకుని వేలు నెత్తురోడుతోంది. "తప్పయిపోయిందండి" అన్నారు ఆయన, అతనితో.

సాయంత్రం తెనాలి ప్యాసింజర్లో వేలికి రుమాలు చుట్టుకుని ఆయన హాయిగా నిద్రపోయారు. నాకే కోపం దిగలేదు, ఈ రోజుకీ దిగలేదు. ఎగిరినన్నాళ్లూ దాన్ని గాల్లో నిలబెట్టిన పనిని చిన్నతనమనుకుని కప్పేశారు. ఆ పని చేసినవాడి చేతే క్షమాపణ చెప్పించుకున్నారు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వాచ్‌మన్ ఒంటిగంటకు భోజనానికి వెళ్తాడు. అప్పుడు ఎడమ రెక్క కింద, కడ్డీ దగ్గర సందులో వేళ్లు పెట్టి చూడండి. అంచు పదును, జాగ్రత్త. లోపల తగిలే ముడులు మస్తాన్ గారివి.