సిస్టరమ్మ వరండాలో చింతపండు

దంతెవాడ నుంచి వచ్చిన జీపు డ్రైవరు మా దుకాణం ముందు ఆగి, ముందు టైరుకు గాలి కొట్టమన్నాడు. ఆ మాటతో పాటే ఇదీ చెప్పాడు. "సిస్టరమ్మ పోయిందంట కాకా. పొద్దుగాల, దంతెవాడ దవాఖానల. రేపు ఇక్కడికే తెస్తున్నరు." నేను గాలి కొడుతూనే ఉన్నాను. అతనే వచ్చి నా చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు. లేకపోతే ఆ టైరు పగిలేది.

కొంటాలో హైవే మీద నాది పంక్చర్ల దుకాణం. అంతకుముందు పదేళ్ళకు పైగా లారీ తోలాను. ఆవిడను ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా సర్కారు దవాఖానాకు నర్సుగా వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన మనిషి. కిరండూలు రైల్వే క్వార్టర్లలో, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ ఇంట పుట్టింది. అందుకే "ఏంది" అనే మా మధ్య చివరిదాకా "ఏటి" అంటూనే బతికింది. మనం పైకి అనలేని అవయవాల పేర్లు, ఆ రోగాల పేర్లు ఆవిడకు తెలుగు, హిందీ, హల్బీ, గోండి, దోర్లీ అన్నిటిలోనూ వచ్చు. ఆడవాళ్ళు గుసగుసగా అనే తెల్లబట్టా, సఫేద్ పానీ వచ్చు. లారీ నీడన కూర్చుని మేం కూసే కూతలూ వచ్చు. ఏ మాటనైనా జ్వరం అన్నంత మామూలుగా అనేది. పుస్తకాల్లో సుఖవ్యాధి అని రాస్తారు చూడండి, ఆ మాటంటే మాత్రం ఆవిడకు ఒళ్ళుమంట. "ఆ పేరెట్టినోడికి ఇది వొచ్చుండదు," అనేది.

ఆవిడ రోగిని ఎదురుగా కూర్చోబెట్టేది కాదు. భేజ్జి వైపు నుంచి ఆడవాళ్ళు అడవి చింతపండు తెచ్చేవారు. ఆ గంప తన ఇంటి వరండాలో పెట్టుకునేది. రోగీ ఆవిడా పక్కపక్కన కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ గింజలు తీయాలి. "నా మొహం చూస్తే అబద్ధం ఆడతారు. చింతపండు చూసుకుంటూ సెప్పండి," అనేది. ఆడవాళ్ళైతే సరే, మీసాలున్న డ్రైవర్లు కూడా అక్కడ బుద్ధిగా గింజలు తీసేవాళ్ళు. చూసిన ప్రతిసారీ నవ్వుకునేవాణ్ణి, నా వంతు వచ్చేదాకా.

పెళ్ళై రెండేళ్ళప్పటి మాట. వరండా ఖాళీ అయ్యేదాకా ఆగి, వెళ్ళి కూర్చున్నాను.

"వేడి చేసింది సిస్టరమ్మా. మజ్జిగ తాగుతున్న."

"ఎన్నాళ్ళనుంచి తాగుతున్నావేటి?"

"నెల."

"నెల తాగితే పోవాలి కదా," అని గంప నా వైపు జరిపింది.

గింజలు తీశాను. చాలాసేపు తీశాను. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి సిగ్గు చంపుకోలేక, మా డ్రైవర్ల భాషలో ఒక పచ్చిబూతు వాడి, దానికేదో అయిందన్నాను. కోప్పడుతుందనుకున్నాను. పని ఆపకుండానే అడిగింది.

"ఆ మాటతో రోజుకి ఎంతమందిని తిడతావు?"

"చానమందిని."

"తిట్టడానికి ఇన్ని మాటలున్నాయి మీకు. నొప్పెడతందని సెప్పడానికి ఒక్కటీ లేదేటి?"

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఒంటికి పోతే మంటనీ, చీము కనబడుతోందనీ, రోడ్డు మీద దారి తప్పాననీ. ఎక్కడ, ఎవరితో అని అడగలేదు. ఎన్నాళ్ళైందని అడిగింది. ఆ తరువాత అడిగిన మాటకు నా చేయి ఆగిపోయింది.

"మీ ఇంటావిడకి పొత్తికడుపులో నొప్పి ఉందేటి?"

ఉంది. కొన్నాళ్ళుగా ఉంది. మా అమ్మ గాలి సోకిందని, మంత్రం వేసే వడ్డె దగ్గరికి తీసుకెళ్ళి కోడిని కోయించింది. ఆ కోడి కాళ్ళు పట్టుకున్నది నేనే.

"డాక్టరు బాబు ఇద్దరికీ మందు రాస్తారు. నువ్వొక్కడివే మింగితే మళ్ళీ వొస్తాది. ఆవిడకి ఆలస్యమైతే పిల్లలు కలగకుండా పోవచ్చు."

"బలం గోలీలని చెప్పి మీరే ఇయ్యండి సిస్టరమ్మా. మీ కాళ్ళు మొక్కుత."

"అబద్ధం నేనెందుకు ఆడాలి? మందు నేనిస్తాను. మాట నువ్వే సెప్పాలి," అని లేచి, ఇంత చింతపండు కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

ఆ పొట్లం ఇంటికి తెచ్చి, వాకిట్లో మా ఆవిడ ముందు విప్పి, పక్కన కూర్చున్నాను. ఇద్దరం గింజలు తీశాం. చెప్పాను. ఆమె చివరి గింజ దాకా తీసింది. "రేపు ఇద్దరం పోదాం," అంది. ఆ తరువాత ఎన్నో రోజులు "గోలీ ఏసుకున్నవా" అన్న మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు. నాకు అంతకన్నా ఎక్కువే పడాల్సింది. మాకిప్పుడు ఇద్దరు ఆడపిల్లలు.

సంతలో ఎదురైతే సిస్టరమ్మ వంకాయలు లేతగా ఉన్నాయా అని అడిగేది. అంతే. ఒళ్ళెలా ఉంది అని బయట ఎవరినీ అడగగా నేను చూడలేదు. ఊరి గుట్టంతా ఒక్క మనిషి కడుపులో పెట్టుకుని, అంత మామూలు మొహంతో ఇన్నేళ్ళు సంతకు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు సమాధుల తోటలో జనం పట్టలేదు. భేజ్జి ఆడవాళ్ళు వచ్చారు. రోడ్డు పొడుగునా లారీలు ఆగాయి. మామూలుగా ఇలాంటి చోట పక్కవాణ్ణి మీకేమవుతారు అని అడుగుతాం. అక్కడ ఎవరూ ఎవర్నీ అడగలేదు. చాపల మీద నా పక్కన మా ఎదురు దుకాణం కిరాణా సేటు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ చూసుకునే మనుషులం, మేమూ ఒకర్నొకరం అడగలేదు.

పాస్టరు గారు ప్రార్థన చేసి, అమ్మగారి గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రమ్మన్నారు. ఎవరూ కదల్లేదు. ఆయన మళ్ళీ పిలిచారు. ఇంతమంది వచ్చారు, ఒక్కరికీ చెప్పడానికేమీ లేదా అని ఆయన మొహంలో ఆశ్చర్యం. మాకందరికీ ఉంది. ఉన్నదే నోటికి రాదు. మాటలు రానివాళ్ళకు జీవితమంతా మాటలు నేర్పిన మనిషి, తన గురించి ఒక్క మాటా లేకుండా మట్టిలోకి వెళ్ళిపోతోంది. లేవాలనుకున్నాను. చాప అంచు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ లేచింది.

"నాకు ఆడరోగం ఉండె. మా ఆయన నుంచే వచ్చింది. సిస్టరమ్మ ఇద్దరికీ నయం చేసింది. ఆమె లేకుంటే నాకు నా పిల్లలు లేరు." అంతే చెప్పింది.

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎలాగో లేచాను. "నా నుంచే," అన్నాను. కూర్చుండిపోయాను.

ఎవరూ నవ్వలేదు. తలెత్తే ధైర్యం లేక నా చేతులకేసి చూసుకున్నాను. ఒళ్ళో చింతపండు లేదు, వేళ్ళు మాత్రం గింజ తీస్తున్నట్టే కదులుతున్నాయి. పక్కన సేటు వేళ్ళూ అలాగే కదులుతున్నాయి.