ఎడమవైపు కింది మూల

ఇవాళ పొద్దున టీకాల డబ్బా భుజాన వేసుకుని ములకలపల్లి అవతల అడవి పక్క ఊళ్లో నడుస్తుంటే, ఓ ఇంటి ముందు ఆరబోసిన ఇప్పపూల వాసన గుప్పుమంది. కాళ్లు ఆగాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి. అలా కదలడం నాకు నేర్పింది ఎస్తేరు మేడం.

నాకు పదేళ్లున్నప్పుడు ఇప్పచెట్టు కింద పూలు ఏరుతున్న మా నాయన మీద ఎలుగుబంటి పడింది. నాయన బతికాడు గానీ ఒక కన్ను పోయింది. నేను గంప పట్టుకుని కొయ్యబారిపోయాను. పెద్దయ్యాక నర్సు ఉద్యోగమొచ్చినా, పూల కాలంలో ఊళ్లకు వెళ్లలేక రెండేళ్లు సెలవు పెట్టాను. మూడో ఏడు పెద్ద డాక్టరు, "ఊళ్లకు పోతవా, రాజీనామా రాస్తవా?" అని తేల్చేశాడు. నేను మొండిదాన్ని. చచ్చినా రాయననుకుని, భయానికి వైద్యం వెతుక్కుంటూ వెళ్లాను.

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని కిరాయి ఇంటి ముందుగదిలో, ఎస్తేరు మేడం మనసు దెబ్బలకు వైద్యం చేసేవారు. చూపు ఎక్కడ తడబడితే అక్కడ నిలిపి, లోపలున్నదాన్ని బయటికి రానివ్వడం ఆమె పద్ధతి. ఎలుగుబంటి సంగతి విని, స్వెటర్ అల్లే సూది చివర ఎర్ర ఊలు చుట్టి, నా కళ్ల ముందు మెల్లగా జరిపారు. అది ఎడమవైపు కిందికి రాగానే రెప్పలు టపటపలాడాయి. సూది అక్కడే ఆపారు.

"గక్కడనే చూడు బిడ్డా. ఏం చెప్పకున్నా సరే. ఒంట్ల ఏమైతుందో చూస్కో."

మూడోవారం నేనొక తెలివితక్కువ పని చేశాను. పెద్దవాళ్లు మనకోసం కష్టపడుతుంటే ఫలితం లేదని మొహం మీద అనడం మా ఇళ్లలో లేదు. అంతసేపు చెయ్యెత్తి కూర్చున్న ఆమెను చూడలేక, "తగ్గింది మేడం, మొత్తం పోయింది" అనేశాను.

"మంచిదే. లోపల ఇప్పపూలున్నయి, తెమ్మంటవా?"

నేను అప్పటికే తలుపు దగ్గరున్నాను! ఆమె పకపకా నవ్వారు.

"నా మనసు నొవ్వొద్దని తగ్గించుకున్నవా? నా చెయ్యి నొస్తే నొయ్యనియ్యి. నువ్వు అబద్ధమాడితే గా ఎలుగుబంటికే లాభం."

సిగ్గుతో చచ్చిపోయాను. కోపమూ వచ్చింది. వచ్చి కూర్చుని, "మళ్లీ పెట్టండి సూది" అన్నాను. ఆ రోజు ఆ మూలలో నాకు కనబడింది ఎలుగుబంటి కాదు, గంప పట్టుకున్న నా చేతులు.

"నేను అరవలే మేడం. నాయన కోసం అరవలే."

"పదేండ్ల పిల్లవు. గిప్పుడు అరిచెయ్యి."

అరిచాను. ఎన్నేళ్లదో ఆ అరుపు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి తలుపు బాదారు. మేడం సూది దించకుండానే, "ఏం గాలే, మా పిల్ల మాట్లాడుతుంది!" అని కేకేశారు.

అందరికీ ఇదే మందని ఆమె ఎన్నడూ అనలేదు. నాకూ పూర్తిగా పోలేదు. కానీ ఆ ఎండాకాలం నేను సెలవు పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు.

ఇవాళ ఆ ఇంటి తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని బయటికొచ్చి, నా మొహం చూసి ఆగింది.

"నర్సమ్మా, నీకు గీ వాసన పడదంట గదా. ఇంకా భయమేనా?"

మర్యాదకు లేదని అనలేదు.

"అవ్, భయమే" అన్నాను, పూల పక్కనే కూర్చుంటూ. "బిడ్డను ఇటియ్యి."