ఎండు వాగులో తడిసిన చున్నీ

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కువైట్‌లో మామా అని పిలిచే మా యజమానురాలి ఇంట్లో ఇరవయ్యేళ్ళు వంట చేశాను. వాళ్ళ ముసలాయన పోయిన గదిలోనే పడుకున్నాను. ఏ దెయ్యమూ రాలేదు.

ఏభై దాటాక, కువైట్‌లోనే అబ్బాసియాలో మేముండే రూములో మా మేనకోడలు రత్నం నాకు అక్షరాలు నేర్పింది. వంకర రాతైనా ఇది నేనే రాస్తున్నాను. చెప్పి రాయించుకునే సంగతి కాదు.

పోయిన నవంబరులో, ఎండ నెమ్మదించాక, ఒక శుక్రవారం పొద్దున్నే ఆడవాళ్ళం ఆరుగురం వ్యాను మాట్లాడుకుని ముత్లా గుట్టలకి నడకకి వెళ్ళాం. అక్కడ గుట్టల మధ్య లోతుగా ఒక వాగుంది. వానొస్తేనే పారుతుంది. ఆ రోజు బొట్టు లేదు. ఇసక పొడిపొడిగా ఉంది.

ఎండిందైనా వాగులో దిగాలంటే నాకు భయం. మాది గోదారి లంక. పాయ దాటేటప్పుడు ఓణీ కొస చిన్నపిల్లల మణికట్టుకి ముడేసి దాటిస్తాం. నా పన్నెండో ఏట మా చెల్లి చిట్టిని అమ్మ అలాగే నా ఓణీకి కట్టింది. చిట్టి ఒడ్డుకి రాలేదు. ముడి ఊడిపోయిందని చెప్పాను.

"చుక్క నీళ్ళు లేవు, ఎందుకత్తా అంత భయం?" అంది రత్నం.

"నోర్ముయ్యి. నా చున్నీ కొస పట్టుకుని ఎనకే రా."

"సరే తల్లీ, నన్ను మేకపిల్లని చెయ్యి," అని నవ్వి పట్టుకుంది.

మిగతావాళ్ళు ముందెళ్ళిపోయారు. నేను రాళ్ళు చూసుకుంటూ నడుస్తున్నాను. వెనక చున్నీ ఉండుండి కిందకి లాగుతోంది, పిల్లలు ఏదో ఏరుకోడానికి వంగినట్టు. "లాగకే" అని కసిరాను. తిరిగి చూడలేదు.

మలుపు తిరిగేసరికి రత్నం ఎదర బండ మీద కూర్చునుంది.

"ఏంటత్తా ఇంతసేపు? ఫోనొస్తే సిగ్నల్ లేదని పైదారిన వచ్చేశాను. చెప్పాను కదా, ఊఁ అన్నావు."

నేననలేదు. వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ముందెళ్ళినవాళ్ళవీ నావీ తప్ప ఇసకలో వేరే అడుగుల్లేవు. చున్నీ కొసకి ముడి ఉంది. నీళ్ళోడుతోంది. ముడి లోపల నా మూడు వేళ్ళు పట్టేంత సందు, చిన్నపిల్ల మణికట్టంత.

"తడెక్కడిది?" అంది రత్నం. నీళ్ళ సీసాలు దాని సంచిలోనే ఉన్నాయి. మూతలు బిగించే ఉన్నాయి. వాసన చూశాను. గోదారి ఎర్రనీళ్ళ వాసన. అలాంటి రెండు మెలికల ముడి మా అమ్మ ఒక్కతే వేసేది.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఆ రోజు ముడి ఊడలేదు. ఆల్చిప్పల కోసం చిట్టి మాటిమాటికీ వంగి లాగుతుంటే విసుగొచ్చి నేనే విప్పేశాను. అమ్మకి చివరిదాకా చెప్పలేదు. రత్నానికీ తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఎండు వాగులో ఆ నీళ్ళెక్కడివో, ఆ ముడి ఎవరేశారో నాకిప్పటికీ తెలీదు. దెయ్యమనడానికి నోరు రాదు.

చున్నీ నా పెట్టెలో ఉంది. ఆరింది. "ఇలా ఇవ్వు, ఆ ముడి విప్పి ఉతుకుతాను" అంటుంది రత్నం.

దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను.