పుష్యమాసంలో మల్లెకు పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు ఉప్పల్‌లో మా ఇంటి పెరడు సగం ఎర్రమట్టి, సగం బండ. ఇప్పుడు ఆ వైపంతా మెట్రో స్తంభాలు లేచాయి కాబట్టి చెప్పినా ఎవరూ నమ్మరు గాని, ఆ బండల సందుల్లోనే మా నాయనమ్మ ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూయించేది, కాయించేది. వానలు పడగానే బీర, సొర తీగలు గోడెక్కేవి. దసరాకు బంతి, చలి ముదిరాక చామంతి. శివరాత్రి దాటిందంటే బావి అడుగంటేది. చేద వేస్తే నీళ్లకంటే బురదే ఎక్కువ వచ్చేది. అప్పుడిక బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు అన్నీ ముందు మల్లెపొదకే. మిగతావి చాలావరకు ఎండిపోయేవి, బతికినవాటికి చెంబెడేసి అందేది. మూడు నెలల వేసవికి ఆ పెరట్లో మాకున్న సంబరం ఆ పొద ఒక్కటే. పొద్దు వాలాక దాని పక్కన చాప పరుచుకుని, మొగ్గలు దండ కట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

ఆ పొద విషయంలో నాయనమ్మకు ఒక పద్ధతి ఉండేది. మార్గశిరం చివర్లో నీళ్లు ఆపేసేది. పుష్యంలో ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, మొదట్లో మట్టి తవ్వి వేళ్లకు ఎండ తగిలేలా వదిలేసేది. నెలరోజులు అలా మాడ్చిన తర్వాతే పెంట ఎరువు వేసి నీళ్లు పెట్టేది. అట్లా మాడితేనే వేసవిలో మొగ్గ తొడుగుతుందట. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అంతకు ముందు ఏళ్లలో నేను గమనించలేదు కూడా.

నాకు తొమ్మిదేళ్లప్పుడు గమనించాను. ఆకు లేకుండా పుల్లల్లా నిలబడ్డ ఆ పొదను చూస్తే నాకు అన్నం సహించేది కాదు. రోజూ పొద్దున పళ్లు తోముకోవడానికి బావి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక చెంబు నీళ్లు దాని మొదట్లో పోసి, తడి కనిపించకుండా పైన పొడిమట్టి కప్పేదాన్ని. నెలరోజులు ఒక్క పూటా తప్పలేదు. మధ్యలో చిగుళ్లు వస్తే నాయనమ్మ, ఈసారి చలి తక్కువున్నదేమో అనుకుంటూ మళ్లీ దూసేసింది. మా నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అక్కడి నుంచి తెచ్చిచ్చిన పాత డైరీలో రోజూ నాలుగు ముక్కలు రాయడం నాకప్పటికే అలవాటు. మల్లెకు ఒక చెంబు పోసినట్టు అందులో రోజూ రాసుకున్నాను.

ఆ డైరీ చదివేది మా చిన్నమ్మ ఒక్కతే. చిన్నమ్మంటే మా చిన్నాయన భార్య. ఆ ముందటి వేసవిలోనే పెళ్లయి, బెజవాడ వైపు నుంచి మా ఇంటికి వచ్చింది. ఆమె మాట మాకు వింత, మా మాట ఆమెకు వింత. వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియక తడబడేది గాని, పెరట్లో అడుగు పెడితే మనిషి మారిపోయేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కనకాంబరం నారు బావిగట్టు పక్కన వరసగా నాటుకుంది. ఆదివారాలు నా డైరీ తీసుకుని తప్పులు దిద్దేది. చూసిన ప్రతి పేజీ కింద పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టేది.

ఉగాది వచ్చింది. మల్లెపొద ఒత్తుగా, నిగనిగలాడే ఆకుతో నిలబడింది. వెతికితే పది మొగ్గలు కూడా లేవు. ఒకరోజు పక్కింటి తాత గోడ మీదుగా చూశాడు.

"ఏందక్కా, పుష్యంల నీళ్లు పోసినవా దీనికి? ఒళ్లు బలిసిందిగని పువ్వేది?"

"సుక్క పోస్తె ఒట్టు. నలభై ఏండ్ల సంది పెంచుతున్న, గీ ముచ్చట నాకు నువ్వు జెప్పాల్నా?"

"మరెందుకు పూయలే?"

"బయటున్న రోజులల్ల ఎవలో ముట్టుకున్నట్టున్నరు," అని నాయనమ్మ వంటింటి వైపు చూసింది.

నెలసరి రోజుల్లో ఆడవాళ్లు తాకితే పూలచెట్టు చెడిపోతుందని మా ఇళ్లల్లో గట్టి నమ్మకం. ఆ ఏడు ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి చిన్నమ్మే. నేను పొద చాటునే గచ్చకాయలాడుతున్నాను. నేను పోసిన నీళ్లకే అది పూయలేదని నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. గచ్చకాయలు ఏరుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే, పెరట్లోకి రావద్దని మా అమ్మతో చిన్నమ్మకు చెప్పించింది నాయనమ్మ. రాత్రి అన్నాల దగ్గర చిన్నాయన తల వంచుకుని తిన్నాడు. మర్నాటి నుంచి చిన్నమ్మ పని ముగించుకుని వెనక గుమ్మం మీద కూర్చునేది, కాళ్లు లోపలికే పెట్టుకుని. ఇరుగుపొరుగు వాళ్లు వస్తే "మీ కొత్త కోడలికి చెట్లు అచ్చిరాలేదట గదా" అనడం మొదలుపెట్టారు. ఆమె కనకాంబరాలకు నీళ్లు పోసేవాళ్లు లేకపోయారు. వారంలో ఆకులు వేలాడాయి, ఆ తర్వాత అంచులు నల్లబడ్డాయి. నెలరోజులు మల్లెకు దొంగచాటుగా నీళ్లు మోసిన నాకు, ఆ నాలుగు మొక్కలకు ఒక చెంబు పోసే ధైర్యం రాలేదు. ఎవరైనా చూస్తే గుట్టు బయటపడుతుందని భయం.

పంతొమ్మిది రోజులు గడిచాయి. నాన్న కంట పడుతుందేమోనని, పుష్యమాసం పేజీలు చింపేయడానికి డైరీ తీశాను. నీళ్లు పోశానని రాసిన ప్రతి పేజీ కింద పెన్సిల్ టిక్కు ఉంది. చిన్నమ్మ అవన్నీ చదివే ఉంటుందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

డైరీ చేత్తో పట్టుకునే గుమ్మం దగ్గరికి వెళ్లాను. "చిన్నమ్మా, గివన్ని సదివినవా?"

"చదివాను. నీళ్లు పోయకూడదని అప్పుడు నాకూ తెలీదు. ఆ తాతగారు అన్నప్పుడే తెలిసింది."

"మరి నాయనమ్మకెందుకు జెప్పలే?"

"నేను చెబితే పసిపిల్ల మీదికి నెట్టేసి తప్పించుకుంటోంది అంటారమ్మా. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాను." ఆ మాటలో కోపం లేదు. పెరటి వైపు చూస్తూ అంది, అంతే.

నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. వెళ్లి చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి, "ఓసి నీ అసాధ్యం గూల. నీళ్లు పోసింది నువ్వా?" అని నన్ను ఒళ్లోకి లాక్కుని నవ్వింది. సాయంత్రానికి వాడంతా చెప్పుకుని నవ్వుకున్నారు. నేను చేసింది ఒక ముచ్చటైపోయింది. మర్నాడు పొద్దున నాయనమ్మ చిన్నమ్మ వైపు చూడకుండానే "చెట్లకు నీళ్లు పొయ్యిపో" అంది. తప్పైందని చెప్పడం ఆమెకు అంతవరకే చేతనైంది.

చిన్నమ్మ వెళ్లింది. ఎండిపోయిన కనకాంబరాలను ఒక్కొక్కటే పీకి గోడవతల వేసింది. ఉన్న మొక్కలన్నిటికీ నీళ్లు పోసింది. మల్లె దగ్గరికి వచ్చేసరికి బకెట్ అక్కడే దించి లోపలికి వచ్చేసింది. మరుసటి ఏడు ఆ పొద విరగబూసింది. నాయనమ్మ దండ కట్టి ఇస్తే చిన్నమ్మ తలలో పెట్టుకునేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు చిన్నమ్మ తన చేత్తో ఆ పొదను తాకగా నేను చూడలేదు.

ఇప్పుడు నాచారంలో మా ఇంట్లో పాలు పొంగిపోయినా, తాళంచెవి కనబడకపోయినా, నా వల్ల జరిగింది ఏదైనా ఉంటే ఎవరూ నోరు తెరవకముందే చెప్పేస్తాను. "మిమ్మల్ని ఎవరడిగిన్రు అత్తమ్మా" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. పుష్యమాసంలో నీళ్లు మోసిన ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, తెలియక పోసింది. తెలిసిన తర్వాత నోరు మూసుకున్న ఆ పంతొమ్మిది రోజుల మీదే ఈ వయసులోనూ నా కోపం.