నేను నడిపానని చెప్పి అమ్మిన కార్లు

"లేడీ ఓనర్ బండి సార్. ఆవిడే నడుపుతాది. గుడికీ, కూరగాయలకీ తప్ప బయటికి తియ్యదు."

ఈ మాటలు మా ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆయన ఇలా అంటున్నప్పుడు నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండాలి. కొనడానికి వచ్చినవాళ్ళు నావైపు చూస్తారు. నేను కొంచెం నవ్వాలి. నా పని అంతే. ఆ నవ్వుతో బండికి ధర పెరుగుతుంది. ఆడమనిషి నడిపిన బండి అంటే గేర్లు విరిచి ఉండదని, తాగి ఎక్కడా గుద్ది ఉండదని మగవాళ్ళకి గట్టి నమ్మకం. సొంత ఇంట్లో ఆడమనిషి చేతికి తాళం ఇవ్వడానికి మాత్రం ఆ నమ్మకం చాలదు.

మా ఆయన పోర్టులో మెకానిక్కుగా పనిచేశాడు. మా ఇల్లు మల్కాపురంలో. డ్యూటీ దిగాక పాత కార్లు కొని, బాగుచేసి అమ్మేవాడు. అంబాసిడర్లు, పద్మినీలు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే ఒక హెరాల్డ్. రిటైరయ్యాక అదే ఆయన పూర్తి పని అయింది. కొన్న ప్రతి బండినీ నా పేరు మీదే రాయించేవాడు. మా అత్త అలా చెప్పింది. కోడలి చెయ్యి మంచిదని, దాని పేరు మీద ఉన్న బండి ఎక్కువ కాలం గుమ్మంలో నిలబడదని ఆవిడ లెక్క. ఆవిడ నాకు సొంత మేనత్త కాబట్టి మా ఆయన నాకు బావ. ఈరోజుకీ బావా అనే పిలుస్తాను, తిట్టేటప్పుడు కూడా. అలా కాగితాల మీద నేను ఎన్నెన్ని కార్లకి యజమానురాలినో. ఒక్కదాని స్టీరింగు కూడా తిప్పింది లేదు.

తిప్పలేదు గాని తుడిచాను. ఒకపక్క పోర్టు బొగ్గు, ఒకపక్క రిఫైనరీ పొగ, వాటి మీద సముద్రపు ఉప్పుగాలి. పొద్దున్న తుడిచిన బానెట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, బంపర్లకి పల్చగా కొబ్బరినూనె. తలుపుల కింది అంచున వేలు పెట్టి రాస్తే తుప్పు మొదలైందో లేదో నాకు తెలిసిపోయేది. నేను చెప్పేదాన్ని. ఆయన పూడ్చి, రంగు కొట్టి, అమ్మేవాడు.

కొడుకు బడికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి అడిగాను. "బావా, నాకూ నేర్పవా?"

"నీకెందుకే? ఎక్కడికెల్తావు?"

అప్పట్లో నేను ఇంటి నుంచి నాకోసమంటూ వెళ్ళేది ఒక్కచోటికే, శాఖా గ్రంథాలయానికి. అది నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఏడో తరగతిలో నా చదువు ఆపేశారు. ఆగిన చోటు నుంచి దాన్ని నేనే ముందుకి నడిపించుకున్నాను. చరిత్ర చదివాను, నక్షత్రాల గురించి చదివాను, ఆస్తి హక్కుల చట్టం గురించి చదివాను, ఆఖరి పేజీలు చినిగిన నవలలు చదివి వాటి ముగింపులు నేనే అల్లుకున్నాను. సర్టిఫికెట్టు లేదు గాని నేను చదువుకున్నదాన్నే. ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. ఆ బీరువాల్లోనే మోటారు వాహనాల మీద తెలుగులో ఒక పుస్తకం దొరికింది. క్లచ్చి నొక్కినప్పుడు లోపల ఏది దేని నుంచి విడిపోతుందో, వదిలినప్పుడు ఏది దేన్ని పట్టుకుంటుందో బొమ్మలతో సహా ఉంది. మూడుసార్లు తెచ్చుకుని చదివాను.

ఆ ధైర్యంతో మళ్ళీ అడిగాను. అప్పుడు వాకిట్లో ఆయన స్నేహితులు ఉన్నారు.

"క్లచ్చి ప్లేటు కాల్చీసినావంటే కొత్తది ఎవుడిత్తాడే? నీ లైబ్రరీ ఇత్తాదా?"

అందరూ నవ్వారు. ఒకాయన టీ గొంతుకి అడ్డం పడేలా నవ్వాడు. ఆ టీ నేను పెట్టిందే.

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగానే మా ఆయన వాడికి నేర్పాడు. వాడు తిన్నగా వెళ్ళి గేటుని గుద్దితే మురిసిపోయాడు, మగపిల్లాడు కదా అని. ఆ గేటు ఇప్పటికీ సరిగ్గా పడదు.

నాకు బాగా ఇష్టమైన బండి మీగడ రంగు హెరాల్డ్. చిన్నది, తేలికైనది, చూడగానే ఎక్కడికో బయల్దేరుతున్నట్టు ఉండేది. ఒకసారి మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని సబ్బవరం వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాను. మా ఆయన బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడనుకుని మంచినీళ్ళు తెచ్చాను. చొక్కాలోంచి కాగితాలు తీశాడు. "ఇక్కడ సంతకం ఎట్టు, బేగి. పార్టీ కాసుకుని ఉన్నాడు." పెట్టాను. ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆ బండి ఉండాల్సిన చోట నూనె మరక ఉంది. అది కూడా నేనే కడిగాను.

ఇప్పుడు ఆయనకి డెబ్బై దాటాయి, నాకు అరవై దాటాయి. ఆయన కళ్ళకి నీటికాసులు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గాని పక్కల నుంచి వచ్చేది కనిపించదు. ఆగి ఉన్న ఆటోని ఒరుసుకుంటూ పోయిన రోజు మా అబ్బాయి తాళాలు తీసేసుకున్నాడు. జీవితమంతా బండ్లతో బతికినవాడికి అది చిన్న దెబ్బ కాదు. నాకు జాలి వేసింది. అరుగు మీద కూర్చుని, వీధిలో వెళ్ళే బండిని చూడకుండా శబ్దం వినే ఫలానా మోడల్ అని చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను.

మిగిలింది ఒక్కటే, లేత నీలం రంగు పద్మిని. ఎవరికీ ఇవ్వబుద్ధి కాక పదేళ్ళుగా ఉంచుకున్నాడు. కళ్ళెదురుగా ఉంటే నాన్న ఎప్పటికైనా ఎక్కేస్తాడు కాబట్టి అమ్మేద్దామని మా అబ్బాయి అన్నాడు. తండ్రీ కొడుకులు రెండు వారాలు వాదించుకుని చివరికి ఒప్పుకున్నారు. బండి నా పేరు మీద ఉంది. నన్ను ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మా అబ్బాయి ఫొటోలు తీసి ఫోన్లో పెట్టాడు. కింద ఏం రాశాడో కోడలు చదివి వినిపించింది. "సింగిల్ లేడీ ఓనర్, లేడీ డ్రివెన్." తండ్రి దగ్గర ఆ విద్య కూడా నేర్చుకున్నాడు.

కొనడానికి ఒక అమ్మాయి వచ్చింది. బ్యాంకు ఉద్యోగి. వెంట భర్త ఉన్నాడు గాని బేరమంతా ఆమెదే. ఫోన్ లైటు వేసుకుని బండి కిందికి వంగి చూసింది, తలుపుల కింది అంచులు తడిమింది. నాకు ముచ్చటేసింది. టీ ఇచ్చాను. పాత అలవాటు కొద్దీ నవ్వాను కూడా. ఆమె గ్లాసు పట్టుకుని తిన్నగా నన్నే అడిగింది.

"ఆంటీ, నాకు కొత్త కార్లే అలవాటు. ఈ స్టీరింగు కింద ఉండే గేరంటే భయంగా ఉంది. మీరు ఇన్నాళ్ళూ నడిపారు కదా, ఒక్క రౌండు వేసి చూపించరా?"

మా అబ్బాయి ఫోన్లోకి తల దించేసుకున్నాడు. మా ఆయన మాత్రం తడబడలేదు. ఎన్నేళ్ళ వ్యాపారం!

"ఆవిడకి మోకాళ్ళు అరిగిపోనాయి మేడం. వయసైపోనాది కదా. ఈమద్దినే మానీసింది."

నా మోకాళ్ళకి ఏమీ కాలేదు. రోజూ గ్రంథాలయానికి నడిచి వెళ్ళి వస్తాను, మేడ మీద బట్టలు ఆరేస్తాను. నాకు మంటెత్తింది అందుకు కాదు. నేను ఒక్కరోజు కూడా చెయ్యనిదాన్ని నా చేత మాన్పించేశాడు. ఇవ్వని దాన్ని ఇచ్చానని ఇన్నేళ్ళు ఊరంతా చెప్పుకుని, ఇప్పుడు నా వయసే దాన్ని తీసేసుకుందని చెబుతున్నాడు. నేను బతకని బతుకు ఒకటి ఈయన నోట్లో మొదలై, ఈయన నోట్లోనే ముగిసిపోయింది. మధ్యలో నాకు మిగిలింది తడిగుడ్డ.

"నాను ఒక్కనాడూ నడపలేదమ్మా," అన్నాను. "ఈ బండే కాదు, ఏ బండీ నడపలేదు. నేర్పమని అడిగితే నేర్పలేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి."

ఆ అమ్మాయి నన్ను చూసింది, మా ఆయన్ని చూసింది, గ్లాసు కింద పెట్టింది. "మరి ముందే చెప్పొచ్చు కదా ఆంటీ. ఇందాక నవ్వారు కూడా." ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. "తిరిగిన కిలోమీటర్లు కూడా ఇలాగే చెప్పారా?" అని మా అబ్బాయిని అడిగి, జవాబు కోసం ఆగకుండా భర్తతో వెళ్ళిపోయింది.

గేటు మూసుకోకముందే మా ఆయన లేచాడు. "నోటికాడి ముద్ద తన్నీసినావు కదే!"

"నా మోకాళ్ళు ఎప్పుడు అరిగినాయి బావా?"

"యాపారంలో అనే మాటే అది. దానికి నీకేటి పోనాది?"

"నాకేటి పోనాదో నీకు తెల్దు. అందుకే నీకింత సులువు."

మా అబ్బాయి మధ్యలోకి వచ్చాడు. "అమ్మా, ఏటిది? ఈ వయసులో నీకింత కోపమేటి?" కోపానికి కూడా రిటైర్మెంటు ఉంటుందనుకున్నాడు కాబోలు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. వేరే మెకానిక్కుకి చూపించుకుంటానంది, చూపించుకుంది, ధర తగ్గించి అడిగింది. వీళ్ళు ఒప్పుకున్నారు. నన్ను ఈసారీ అడగలేదు. ఇప్పుడు కాగితాల మీద సంతకాలకి ముందు ఫోనుకి ఒక నంబరు వస్తుంది, అది చెబితేనే పని మొదలవుతుంది. మా అబ్బాయి హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను అరుగు మీద చదువుకుంటున్నాను.

"అమ్మా, నంబరొచ్చిందా?"

"వచ్చింది."

"సెప్పు మరి, బేగి. టైమైపోద్ది."

"సెప్పను."

"ఏటి?"

"సెప్పనన్నాను."

ఇంకోసారి పంపించాడు. ఫోను మళ్ళీ మోగింది. మూడోసారి కూడా మోగింది. నేను పేజీ తిప్పాను. తండ్రీ కొడుకులిద్దరూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"బండి నాది. నాను నడిపినాకే అమ్మడం."

మా అబ్బాయి నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. మా ఆయన క్లచ్చి ప్లేటని ఏదో మొదలుపెట్టాడు. "కాలితే నాను కొనుక్కుంటాను" అన్నాను.

ఇప్పట్లో అమ్మడం లేదని ఆ అమ్మాయికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆమె గట్టిగానే తిట్టింది. ఆమె కోపంలో న్యాయం ఉంది కాబట్టి పడ్డాను. ఇంకెవరి మాటా పడలేదు. ఈ మొండితనం ఇల్లంతా పాకింది. మా ఆయన నాతో మాట్లాడటం మానేసి, కావలసినవి కోడలి చేత అడిగించుకున్నాడు. మా అబ్బాయి నా బీపీ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

నేను వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లైసెన్సు పరీక్షకి వెళ్ళిన రోజు వరసలో నా ముందున్న కుర్రాడు, "మామ్మగారూ, మనవడి కోసం వచ్చారా?" అన్నాడు. రోడ్డు గుర్తులన్నీ నాకు గ్రంథాలయంలోనే వచ్చేశాయి. నేను పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి వాడు ఇంకా లోపలే ఉన్నాడు. కొన్ని నెలలకి లైసెన్సు చేతికొచ్చింది. ఫొటోలో కూడా కోపంగానే ఉన్నాను.

స్కూలు బండికి గేరు రెండు సీట్ల మధ్య ఉంటుంది. పద్మినికి స్టీరింగు కింద. దాని సంగతి ఇంట్లో ఒక్కడికే తెలుసు, అతను నాతో మాట్లాడటం లేదు. నాకు నేనే వాకిట్లో ప్రయత్నించాను. గేరు పడిన ప్రతిసారీ లోపల ఏదో నలిగినట్టు శబ్దం. మూడో రోజు పొద్దున్న ఆయన చొక్కా తొడుక్కుని వచ్చి, పక్క సీట్లో కూర్చుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని అన్నాడు. "అది ఇంజనే. రుబ్బురోలు కాదు."

అలా నేర్పాడు. మొహం తిప్పుకునే.

కొన్నాళ్ళు ఖాళీ మైదానంలో తిప్పాక యారాడ కొండ ఎక్కిద్దామన్నాను. వద్దన్నాడు. నేను అటే తిప్పాను. ఎత్తు మొదలయ్యేసరికి ఆయన గొంతు కూడా పెరిగింది. "సెకండెయ్యి. సెకండే! ఓలమ్మ, సంపేత్తావు." రెండో మలుపులో ఇంజను ఆగిపోయింది. బండి కొంచెం వెనక్కి జారింది. వెనక వ్యాను హారను మీద చెయ్యి తియ్యడం లేదు. ఆయన హ్యాండుబ్రేకు లాగాడు.

"దిగు. ఇక్కడ నాను తీత్తాను."

"పక్కనుంచి వచ్చే బండి నీకు కనబడదు బావా."

ఆయన తలుపు తీసుకుని దిగి, దాన్ని విసురుగా వేశాడు. ఆ తలుపుని అంత గట్టిగా ఎవరైనా వేస్తే కొట్టడానికి వెళ్ళే మనిషి.

"నాను నడిసొత్తాను."

"రా."

రెండోసారికి బండి కదిలింది. కొండ ఎక్కాను. దిగేటప్పుడు గేరు మార్చకుండా సెకండులోనే దిగాను, చేతులు చెమటతో జారుతున్నా. కింద ఊరి మొదట్లో, వలలు ఆరేసిన చోట బండి ఆపి ఇంజను కట్టేశాను. గర్వపడాల్సిన సమయమని తెలుసు. నాకు మాత్రం కోపమే వచ్చింది. ఇంతేనా? ఇంత కొద్దిసేపట్లో అయిపోయే పనికా ఇన్నేళ్ళు పట్టింది? చేపల గంప దించుకుంటున్న ఒకామె వచ్చి, "ఏటమ్మా, బండి పాడైపోనాదా?" అంది. లేదన్నాను. "మరేటి ఏడుత్తన్నావు?" అంది.

చాలాసేపటికి ఆయన ఎవరి ఆటోలోనో దిగాడు. నా పక్కకి రాకుండా వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"ముందుకి రా బావా."

"నాను ఇక్కడే కూకుంటాను."

"కూకో."

మళ్ళీ స్టార్టు చేశాను. కొత్తగా వాన పడి ఆరిన రోడ్డు, ఎదురుగా ఎవరూ లేరు. బండి వేగం అందుకుంది.

"బ్రేకు మీద కాలెయ్యి," అన్నాడు వెనకనుంచి.

వెయ్యలేదు. అక్కడ బ్రేకుతో పనిలేదు.